అత్తగారి పగటినిద్ర

ఈ భూమండలం మీద ఆ మెకానిక్కు బాగుచెయ్యలేని మైక్రోస్కోపు లేదు, పుట్టలేదు, పుట్టబోదు. ఈ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. ఎందుకంటే అందరికీ చెప్పింది ఆయనే. అలా చెప్పేటప్పుడు ఆయన వెనక అలమరలో బాగుపడని మైక్రోస్కోపులు వరసలుగా దుమ్ముకొట్టుకుని ఉండేవి. అన్నిటికన్నా బరువైనదొకటి, గాలికి తలుపు కొట్టుకోకుండా అడ్డంగా నిలబడి ఉండేది. దాని సంగతేంటని ఎవరైనా అడిగితే, "అది ఎప్పుడో బాగయింది. ఇప్పుడు ఉద్యోగం మారింది" అనేవాడు.

పాపం, తప్పంతా ఆయనది కాదు. ఆ యంత్రాల్ని తయారుచేసిన కంపెనీలు చాలావరకు మూతబడ్డాయి. మూతబడనివాళ్ళకి ఫోన్ చేస్తే, మోడల్ పేరు వినగానే అవతలివాడు పక్కవాణ్ణి పిలిచి, "ఇంకోసారి చెప్పండి సార్, మావాడు కూడా వింటాడు" అనేవాడు. ఇంక విడిభాగాలు ఎక్కణ్ణుంచి వస్తాయి? గట్టిపడిన గ్రీజుని కిరోసిన్‌తో కరిగించడం, అద్దాల మీద అల్లుకున్న బూజుని పుల్లకి దూది చుట్టి తుడవడం, బల్బు దొరక్కపోతే టార్చిలైటు బల్బు బిగించడం, ఇవన్నీ ఆయన చేత్తో చేసేవాడు. విరిగినవీ అరిగినవీ మాత్రం నిద్రతో పెరగాల్సిందే.

యంత్రం నిద్రపోతే పోయిన భాగం మళ్ళీ పెరుగుతుంది. యంత్రాలకి సొంత నిద్ర ఉండదు కాబట్టి ఎవరో ఒకరు తమది ఇవ్వాలి. మైక్రోస్కోపుని పాత దుప్పట్లో చుట్టి ఆ మనిషి దిండు పక్కన పడుకోబెడితే, అది సన్నగా గురకపెడుతూ నిద్రపోతుంది. మనిషేమో పైకప్పు కేసి చూస్తూ పడుకుంటాడు. విరిగిన భాగం గోరు పెరిగినట్టు మెల్లిగా పెరుగుతుంది. చిన్న స్క్రూకి ఓ కునుకు చాలు. చక్రానికి పళ్ళు రావాలంటే పూటలు పూటలు పట్టేస్తుంది. అద్దం పెరగాలంటే పసిపిల్లల నిద్ర కావాలి, అది ఏ తల్లీ ఇవ్వదు.

అందుకే ఆయన దగ్గరికి వచ్చేవాళ్ళు యంత్రంతోపాటు ఓ నిద్రమనిషిని కూడా వెంటబెట్టుకుని రావాలి. కాలేజీవాళ్ళకి ఆ బెంగ లేదు. పాఠం జరుగుతుండగా యంత్రాన్ని వెనక బెంచీ మీద పెడితే చాలు, గంట కొట్టేసరికి ఏది పెరగాలో అది పెరిగి కూర్చునేది. షరతు ఒక్కటే. నిద్ర ఇచ్చే మనిషి, ఆ యంత్రం బాగున్న రోజుల్లో, అందులోంచి ఏదో ఒకటి కళ్ళారా చూసి ఉండాలి. చూడనివాళ్ళ నిద్ర అది ముట్టదు. చెడిపోయాక తొంగిచూసినవాళ్ళు లెక్కలోకి రారు.

మెకానిక్కుకి ఇంకో మర్యాద కూడా ఉండేది. బాగయిన యంత్రాన్ని తాను పరీక్షించేవాడు కాదు. తెచ్చినవాళ్ళ ముందుకి జరిపి, చేతులు తుడుచుకుంటూ, "మీ యంత్రం, మీ కన్ను. చూసి మీరే చెప్పండి" అనేవాడు. ఎంత నిగర్వి అని అందరూ మెచ్చుకునేవాళ్ళు. ఆ నిగర్వం గురించి కూడా ఆయనే చెప్పుకునేవాడు.

ఆ సోమవారం మధ్యాహ్నం ల్యాబక్క వచ్చింది. జ్వరాల ఆస్పత్రిలో రక్తపరీక్షలు చేసే ఆవిడని రోగులూ డాక్టరూ అందరూ ల్యాబక్క అనే పిలుస్తారు. చిన్న ఆస్పత్రి, ఒకటే ల్యాబు, ఒకటే మైక్రోస్కోపు, దాని ముందు ఏళ్ళ తరబడి ఆవిడ ఒక్కతే. దాన్ని తువాల్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని బస్సులో వచ్చింది. కండక్టరు దానికీ టిక్కెట్టు అడిగితే, "ఒళ్ళో పిల్లకి టిక్కెట్టేంటయ్యా, బుద్ధుందా?" అని పక్కసీటావిడ తగువేసుకుందిట.

"ఏమైంది దీనికి?" అన్నాడు మెకానిక్కు, తువాలు విప్పుతూ.

"పెద్ద నాబు తిప్పితే దగ్గరికొస్తోంది. చిన్న నాబు ఊరికే తిరుగుతోంది. అంతా మసక. నిన్న ఒకే స్లైడుని రెండుసార్లు లెక్కపెడితే రెండు లెక్కలొచ్చాయి. అది యంత్రం తప్పో నా తప్పో తెలీలేదు." ఆవిడ కుర్చీలో కూర్చోలేదు, దాదాపు పడింది. "రాత్రంతా అదే ఆలోచన."

ఆయన పక్క మూత విప్పి చూశాడు. లోపల వేలిగోరంత చక్రానికి సగం పళ్ళు లేవు. మిగతా సగం కూడా ఇవాళో రేపో అన్నట్టున్నాయి.

"మరి నిద్రమనిషి ఏరీ? బయటున్నారా?"

"నేనే."

మెకానిక్కు తలెత్తి ఆవిడ కళ్ళకేసి చూశాడు. కళ్ళ కింద సిరా ఒలికితే తుడిచినట్టు నల్లటి మరకలు. ఆవలించే ఓపిక కూడా లేని మొహం.

"ఇంకెవరూ లేరా?"

"దాంట్లోంచి చూసేది నేనొక్కదాన్నేగా. డాక్టరుగారు కాగితం చూస్తారు, స్లైడు చూడరు." ఆవిడ తువాల్ని మడతపెట్టింది, విప్పింది, మళ్ళీ మడతపెట్టింది. "శుక్రవారం వ్యాను వస్తోందండీ. అప్పటికి ఇది పనిచెయ్యకపోతే మా ల్యాబు ఎత్తేస్తారు. ఫ్రిజ్జునీ నన్నూ పెద్దాస్పత్రికి పట్టుకుపోతారట. ఆర్డర్లో ఫ్రిజ్జు పేరే ముందుంది. ఆ తర్వాత జ్వరంతో ఉన్నవాళ్ళు ఓ చుక్క రక్తం ఇవ్వడానికి రెండు బస్సులు మారాలి. నేనూ రెండు బస్సులు మారాలి. ఇంట్లో మా అత్తయ్య పొద్దుణ్ణుంచి చీకటిపడేదాకా ఒక్కతే పడుండాలి."

"శుక్రవారం దాకా ఎందుకమ్మా, బుధవారానికే చేతిలో పెడతాను" అన్నాడు మెకానిక్కు.

లోపలి గుమ్మం దగ్గర కుట్టుమిషను ఆగింది. అక్కడ ఆయన భార్య ఉంది. ఆవిడ బట్టలు కుడుతుంది. బాగయి వెళ్ళిపోయే ప్రతి మైక్రోస్కోపులోంచీ ఉల్లిపొర చూడటం ఆవిడకి సరదా. ఆ సరదా పుణ్యమా అని, అవి మళ్ళీ చెడిపోయి వచ్చినప్పుడు, నిద్రమనిషి దొరకనివాళ్ళకి తన నిద్రే ఇస్తుంటుంది. ఆ మధ్య ఓ బడివాళ్ళకి అలాగే వరసగా ఇచ్చింది. ఆ నెల్లో కుట్టిన చొక్కాల్లో ఓ చొక్కాకి జేబు వీపు మీదొచ్చింది.

"ఏ బుధవారం?" అని అడిగి, ఆవిడ మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది.

సోమ, మంగళవారాలు ల్యాబక్క మధ్యాహ్నం సెలవు పెట్టుకుని వచ్చి గోడవార బెంచీ మీద పడుకుంది. తల పక్కన దుప్పట్లో యంత్రం. ఫ్యాను కీచుమంటూ తిరుగుతోంది. రోడ్డు మీద ఎవరో ఇనప రేకులు దింపుతున్నారు. ఆవిడ కళ్ళు మూసుకుంటే రెప్పలు వణుకుతున్నాయి. వీధిలో ఎవరు "అమ్మాయ్" అని పిలిచినా దిగ్గున లేచి కూర్చుంటోంది. యంత్రం కూడా దుప్పట్లో అటూ ఇటూ దొర్లుతోంది. మంగళవారం సాయంత్రం మెకానిక్కు మూత తీసి భూతద్దంతో చూశాడు. కొత్త పన్ను రాలేదు సరికదా, ఉన్నదొకటి ఊడింది.

"ఆవిడ దగ్గర నిద్ర ఎక్కడుందండీ ఇవ్వడానికి?" అంది భార్య, దారం కొరుకుతూ. "అడుగంటిన గిన్నె గీకినట్టుంది."

ల్యాబక్క లేచి జుట్టు సర్దుకుని, మొహమాటంగా అడిగింది. "మెకానిక్కు గారూ, కిందటేడు మా ల్యాబుకొచ్చి దీన్ని శుభ్రం చేసింది మీరేగా. అప్పుడిది బాగానే ఉంది. మీరు చూసే ఉంటారు. మీ నిద్ర ఓ రెండు పూటలు..."

మెకానిక్కు స్క్రూడ్రైవరు కోసం బల్ల కింద వెతికాడు. అది ఆయన చెవి మీదే ఉంది.

"ఇవ్వచ్చమ్మా. ఇవ్వడానికేం? కానీ నాది మరీ మొండి నిద్ర. పైగా గురక. గురకతో పెరిగిన పళ్ళు వంకరగా వస్తాయి. ఇది సున్నితమైన చక్రం."

"గురకతో వంకరొస్తాయా?" అంది భార్య.

"వస్తాయి."

"ఇన్నేళ్ళలో ఈ మాట వినలేదే."

"వంకర రాకుండా ఉండటానికే కదా నేనెప్పుడూ ఇవ్వలేదు!" అన్నాడు మెకానిక్కు, తెలివైన జవాబు దొరికిన సంతోషంతో.

భార్య ఆయన్ని వదిలేసి ల్యాబక్క పక్కన వచ్చి కూర్చుంది. "రాత్రిళ్ళు ఏం చేస్తావు వదినా? ఎందుకు నిద్రపట్టదు నీకు?"

"పట్టకపోవడమేం, పట్టేదే. అత్తయ్య పిలుస్తుంది." ల్యాబక్క నవ్వబోయింది, నవ్వు సగంలో ఆగిపోయింది. "మా ఆయన లారీ మీద తిరుగుతారు కదా, ఇంట్లో మేమిద్దరమే. నేను ల్యాబులో ఉంటే పగలంతా ఆవిడ నిద్ర. నేనెళ్ళి నడుం వాల్చగానే ఆవిడకి తెల్లవారుతుంది. అమ్మాయ్, మంచినీళ్ళు. అమ్మాయ్, ఫ్యాను తగ్గించు. అమ్మాయ్, ఆ చప్పుడేంటో చూడు. అమ్మాయ్, ఏం లేదులే, నిద్రపోయావేమోనని పిలిచా."

"పగలంతా నిద్రేనా?" భార్య కళ్ళు మెరిశాయి. "ఎలాంటి నిద్ర?"

"గ్యాసుబండ దింపినా కదలదు."

"అబ్బ!" అంది భార్య. సంతలో మంచి గుడ్డ చూసినప్పుడు ఆవిడ అలాగే అంటుంది. "అంత సరుకు ఇంట్లో పెట్టుకుని ఇక్కడ చెక్కబెంచీ మీద దొర్లుతున్నావా తల్లీ! ఆవిడ ఎప్పుడైనా ఈ మైక్రోస్కోపులోంచి చూసిందా? గుర్తుతెచ్చుకో."

ల్యాబక్క చాలాసేపు ఆలోచించింది. అలసిపోయినవాళ్ళకి జ్ఞాపకం కూడా బరువే.

"చూసింది," అంది చివరికి. "ఓసారి జ్వరమొస్తే తీసుకెళ్ళాను. రక్తం తీసి పరీక్ష చేస్తుంటే, నాకూ చూపించమని పట్టుబట్టింది. స్టూలు మీంచి లేవదే! బయట రోగుల వరస. ఇవన్నీ నావేనా, ఇన్నున్నాయా నా దగ్గర అంటుంది. ఆ రోజంతా ఎవరు కనపడినా అదే చెప్పింది."

మర్నాడు పొద్దున్నే కోడలితోపాటు ఆటోలోంచి పెద్దావిడ దిగింది, సొంత దిండుతో. మనిషి సన్నగా, నిటారుగా ఉంది. దుకాణమంతా ఓసారి కలయజూసి, బెంచీ మీద దుమ్ము వేలితో గీసి చూసి, అప్పుడు కూర్చుంది.

"నా నిద్ర నేనెందుకివ్వాలి?" అంది మొదటి మాటగా.

"అత్తయ్యా, రాత్రి అంతా చెప్పానుగా..."

"నువ్వు ఆగు. ఈ బాబు చెప్పాలి. అడిగేవాడు అడగాలి."

మెకానిక్కు చేతులు కట్టుకుని అడిగాడు. ల్యాబు పోతుందన్నాడు, కోడలు చీకటితో వెళ్ళి చీకటితో వస్తుందన్నాడు. పెద్దావిడ అన్నీ విని, కోడలి మొహంలోకి కాసేపు చూసింది. పగటివెలుగులో ఆ మొహాన్ని ఆవిడ చూసి ఎన్నాళ్ళయిందో. ఆ నల్లమరకల్ని తుడవబోయినట్టు చెయ్యి సగం దాకా ఎత్తి, మళ్ళీ దిండు సర్దుకుంది.

"సరే. కానీ నేను మేలుకుని ఉన్నంతసేపూ ఎవరో ఒకరు నాతో మాట్లాడుతుండాలి. ఊరికే పైకప్పు చూస్తూ పడుకోవడం నావల్ల కాదు."

అలా మెకానిక్కు ఖర్మ కాలింది. యంత్రం పెద్దావిడ దిండు పక్కన తల పెట్టిందో లేదో, ఈలవేసినట్టు సన్నటి గురక మొదలుపెట్టింది. ఎన్నో ఏళ్ళు వంగి నిలబడ్డ నడుం కదా మరి. పెద్దావిడ కళ్ళు రెండూ దీపాల్లా వెలిగాయి. ఆయన మాట్లాడాలన్నది పేరుకే. ఆవిడే మాట్లాడింది. చిన్నప్పుడు తప్పిపోయిన మేనమామ కథ చెప్పింది, కథ సగంలో ఆపి స్క్రూల డబ్బాలు సైజుల వారీగా సర్దించింది. మేనమామ దొరికాడా అని ఆయన అడిగితే, ముందు ఆ కిటికీ తుడవమంది. సాయంత్రానికి దుకాణం కొత్త దుకాణంలా ఉంది. చక్రానికి చిన్న తెల్లటి పళ్ళు, బియ్యపుగింజ మొనల్లా, వరసగా పొడుచుకొస్తున్నాయి.

గురువారమూ అంతే. తలుపుకి అడ్డంగా ఉన్నదాన్ని చూపించి పెద్దావిడ, "అది ఎప్పుడు బాగవుతుంది?" అంది.

"అది బాగయిందండీ. ఉద్యోగం..."

"అబ్బాయ్."

"బాగవలేదండీ" అన్నాడు మెకానిక్కు. మిషను దగ్గర్నుంచి ఎవరో కిసుక్కున నవ్వారు.

శుక్రవారం మధ్యాహ్నం ల్యాబక్క వచ్చేసరికి చక్రం నిండుగా ఉంది. మెకానిక్కు దానికి కొత్త గ్రీజు రాసి, లోపల కూర్చోబెట్టి, మూత బిగిస్తున్నాడు. పొద్దున అత్తగారి వేలు గుచ్చి, ల్యాబులో రంగు వేసి ఆరబెట్టిన స్లైడొకటి ల్యాబక్క చేతిలో ఉంది, పరీక్షించి చూడటానికి.

"ఇంకో రెండు స్క్రూలమ్మా. కూర్చోండి."

ఆవిడ బెంచీ చివర కూర్చుంది, అత్తగారి పక్కన. మొహం సోమవారం ఎలా ఉందో అలాగే ఉంది.

"రాత్రి కూడా పిలిచిందా?" అంది మెకానిక్కు భార్య, గొంతు తగ్గించి.

"లేదు వదినా. రెండు రాత్రుళ్ళూ ఒక్కసారీ పిలవలేదు. పగటినిద్ర లేదుగా, చీకటిపడగానే పడుకుంది. నేనే... పిలవట్లేదేంటా అని లేచి లేచి చూశాను. ఊపిరి ఆడుతోందా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను."

"చూసింది," అంది పెద్దావిడ. "వేలు చల్లగా ఉంది. కళ్ళు తెరిస్తే మళ్ళీ కూర్చుని కబుర్లు చెప్పమంటానేమోనని తెరవలేదు." కోడలి తలని ఒక చేత్తో పట్టుకుని తన దిండు మీదకి వంచింది. "ఇక్కడున్నానుగా. కనపడుతున్నానుగా. మేలుకునే ఉన్నానుగా. ఇంక వేలెందుకు పెట్టాలి?"

ల్యాబక్క ఏదో జవాబు చెప్పబోయింది. ఆ జవాబు సగంలోనే ఆవిడ నోరు కొంచెం తెరుచుకుని ఉండిపోయింది. చేతిలో స్లైడు జారబోతే పెద్దావిడ అందుకుంది. అది మామూలు నిద్ర కాదు. ఎక్కడెక్కడో దాక్కున్న పాత నిద్రలన్నీ ఒక్కసారే ఇల్లు చేరినట్టుంది. భుజాలు దిగాయి. నుదుటి మీద గీత ఒకటి మాయమైంది. రోడ్డు మీద రేకులు దబ్బున పడ్డాయి, ఎవరో "అమ్మాయ్!" అని గట్టిగా అరిచారు. రెప్ప కదలలేదు. మెకానిక్కు భార్య కుట్టు మధ్యలో మిషను ఆపేసి, చప్పుడు కాకుండా వచ్చి ఫ్యాను ఒక అంకె పెంచింది.

సరిగ్గా అప్పుడే ల్యాబక్క సంచిలో ఫోను మోగింది. మెకానిక్కు దూకినట్టు వెళ్ళి తీశాడు.

"ఎవరండీ?" అన్నాడు గుసగుసగా.

"మీరెవరు? ల్యాబు ఎత్తేసే ఆఫీసర్ని మాట్లాడుతున్నా. ఆవిడకివ్వండి."

"ఆవిడ నిద్రపోతోందండీ."

"నిద్రమనిషా?" అవతలి గొంతు కూడా వెంటనే గుసగుసలోకి దిగింది.

మెకానిక్కు బెంచీ కేసి చూశాడు. ఆ గదిలో అంతకన్నా నిద్రమనిషి ఎవరున్నారు? "అవునండీ."

"అయితే లేపకండి. ఇంతకీ యంత్రం పనిచేస్తోందా లేదా? వ్యాను ఆస్పత్రి గేటు దగ్గరుంది. ఫ్రిజ్జు సగం దాకా ఎక్కించారు. మీరు బాగుచేసేవారేగా? ఓసారి చూసి చెప్పండి, మీ మాట చాలు. కనపడుతుందంటే ఫ్రిజ్జు దింపేయిస్తాను."

మెకానిక్కు చొక్కా సర్దుకున్నాడు. పెద్దావిడ చేతిలోంచి స్లైడు తీసుకుని మైక్రోస్కోపు కింద అమర్చాడు, లైటు వేశాడు, ఊపిరి బిగబట్టి వంగాడు. అలా వంగి ఉన్నాడు. ఇంకా వంగే ఉన్నాడు. మెడ మీద చెమట పట్టింది.

"ఏం కనపడుతోందండీ?" అంది ఫోను.

"చూస్తున్నానండీ."

"ఏదో ఒకటి కనపడాలి కదా."

పెద్దావిడ కోడలి తల కిందికి దిండు జాగ్రత్తగా తోసి, లేచి వచ్చింది. "జరుగు," అంది. ఆయన జరిగాడు. ఆవిడ ఒక కన్ను మూసి, రెండో కన్ను ఆనించి, చిన్న నాబుని చూపుడువేలితో మెల్లిగా తిప్పింది. అది వెన్నలా తిరిగింది.

"ఇవిగో!" అంది ఊపిరి తీసుకున్నట్టు. "గుండ్రంగా, ఎర్రగా. మధ్యలో వేలితో నొక్కినట్టు. అబ్బాయ్, అప్పటికన్నా స్పష్టంగా ఉన్నాయి. ఇంకా ఇన్నున్నాయి నా దగ్గర!"

"గుండ్రంగా, ఎర్రగా ఉన్నాయండీ," అన్నాడు మెకానిక్కు ఫోనులో. "మధ్యలో వేలితో నొక్కినట్టు. అప్పటికన్నా స్పష్టంగా. చాలా ఉన్నాయండీ."

అవతల ఆఫీసరు ఎవరితోనో, "దింపండయ్యా ఫ్రిజ్జు. మెల్లిగా" అనడం వినిపించింది. ఫోను ఆగిపోయింది.

బెంచీ మీద ల్యాబక్క ఓసారి పక్కకి ఒత్తిగిల్లింది. ముగ్గురూ ఊపిరి బిగబట్టారు. ఆవిడ మళ్ళీ నిద్రలోకి, ఇంకా లోతుకి, జారిపోయింది. సాయంత్రం నిద్రలేచేసరికి తన ల్యాబు తన దగ్గరే ఉందని ఎవరో ఒకరు చెప్తారు. ఇప్పుడేం తొందర?

పెద్దావిడ మాత్రం మెకానిక్కుని వదల్లేదు. స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"నేను చూసిందే నువ్వు చెప్పావు. నువ్వెందుకు చూళ్ళేదు?"

"చూశానుగా పెద్దమ్మగారూ."

"ఏం చూశావు?"

"అదే... మీ యంత్రం, మీ కన్ను అని నాదో మర్యాద..."

"అబ్బాయ్."

మెకానిక్కు భార్య కేసి చూశాడు. ఆవిడ కత్తెర పక్కన పెట్టి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, గురక వంకర సంగతి కూడా ఇప్పుడే తేలిపోతుందన్నట్టు చూస్తోంది. తప్పించుకోవడానికి బల్ల కింద వెతకాల్సిన స్క్రూడ్రైవరు ఈసారి చేతిలోనే ఉంది. ఆయన గొంతు వీలైనంత తగ్గించాడు, నిద్రపోతున్న మనిషి కోసం కొంత, తన కోసం కొంత.

"నాకేం కనపడదండీ దాంట్లో. ఈ పనిలోకి వచ్చినప్పట్నుంచీ ఎప్పుడు చూసినా నా కనురెప్పల వెంట్రుకలే కనపడతాయి. మొదట్లో చాలాకాలం అవే క్రిములనుకున్నాను. ఇద్దరు ముగ్గురు డాక్టర్లకి చెప్పాను కూడా."